సిలబస్ బయట

ఆమె చనిపోయిందని మా పాత హాస్టల్ ఆంటీ ఫోన్ చేసి చెప్పింది. ఆంటీకి కూడా ఆలస్యంగానే తెలిసిందట.

"డెంగీ అంటమ్మా. దవాఖానల చేర్పిచ్చేసరికే చెయ్యి దాటిపోయిందంట. రేపు ఊర్లె దినాలు చేస్తున్రు. నువ్వైతె పోతవేమోనని చేసిన," అంది.

చివరికి, "నా హాస్టల్ల ఎంతమందో ఉండి పోయిన్రు గనీ, ఆదివారం పూట దబ్బనం పట్టుకొని పుస్తకాలు కుట్టిన పిల్లంటె అదొక్కతే," అని ఫోన్ పెట్టేసింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉండేది ఆ హాస్టల్. నేను ఒంగోలు దగ్గరి మా ఊరి నుంచి బ్యాంకు పరీక్షల కోసం వచ్చి అందులో చేరాను. గదికి నాలుగు మంచాలు. కిటికీ పక్క మంచం ఆమెది. నల్గొండ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి, గ్రూప్స్ కోసం అప్పటికే చాలాకాలంగా చదువుతోంది. మా అందరికంటే పెద్దది కాబట్టి హాస్టల్ మొత్తం అక్కా అనే పిలిచేది. గైడ్లూ బిట్ బ్యాంకులూ ఆమె మంచం కింద ఉండేవి. కథలూ నవలలూ చట్టాలూ చరిత్రలూ మంచం మీద ఉండేవి. మిగిలిన చోటులో ముడుచుకుని పడుకునేది.

నేను చేరిన మొదటి ఆదివారం, ఆమె బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక లావుపాటి నవలను రెండు చేతులా పట్టుకుని వెన్ను దగ్గర ఫట్టుమని విరిచింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

"అయ్యో, అదేంటండీ! పుస్తకాన్ని అలా చింపేస్తారా ఎవరైనా?"

"చింపుతలేను పిల్లా, పంచుతున్న," అంది తలెత్తకుండానే. "ఒక్కరు సదివేదాక మిగిలినోళ్లు నోరు తెరుసుకొని కూసోవాల్నా?"

నడిమి ముక్క ఒకటి నా ఒళ్లో పడేసింది. దీనికి ముందు ఏం జరిగిందో నాకెలా తెలుస్తుందని అడిగితే, ఎదురు మంచం మీది సూర్యాపేట అమ్మాయిని చూపించి, "ముందుది దాని దగ్గరున్నది. అడుగు. దానికి ఎన్కది కావాలె, నిన్నడుగుతది," అంది.

అదీ ఆమె పద్ధతి. వారమంతా ఎవరి ముక్క వాళ్లు చదువుకోవాలి. ఆదివారం మెస్సులో భోజనాలయ్యాక డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య కూర్చుని, వరసగా ఎవరి భాగం వాళ్లు చెప్పాలి. మొదటి ముక్క చదివిన అమ్మాయి ఫలానా పాత్ర దేవుడంటుంది, చివరి ముక్క చదివిన అమ్మాయి వాడు ఒట్టి దొంగంటుంది, ఇద్దరూ జుట్లు పట్టుకునేదాకా వెళ్తారు. అక్క మధ్యలో కూర్చుని నవ్వుతుంది. అందరిదీ అయిపోయాక ముక్కలన్నీ వెనక్కి తీసుకుని, దబ్బనంతో, పురికొసతో గట్టిగా కుట్టి మళ్లీ పుస్తకం చేస్తుంది.

మేమంతా కథ అయిపోయిందని లేవబోతుంటే, అప్పటికే ఆమె చెప్పులేసుకుని ఉండేది. అది నాకు వింతగా ఉండేది. మంచి పుస్తకం చదివితే నాకు కాసేపు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవాలనిపిస్తుంది. ఆమెకి ఎక్కడికో ఒకచోటికి పోవాలనిపించేది. "సదివినం. మంచిగుంది. ఇగ మనమేం జేద్దాం?" అనేది. ఏం చేస్తాం అక్కా, చపాతీలు చల్లారిపోతాయి పదమని మేం కిందికి లాక్కొచ్చేవాళ్లం.

నేను చేరిన కొత్తలో పంచిన ఆ లావుపాటి నవలలో ఒక ఊరి ఆడవాళ్లు చెడిపోయిన చెరువు తూమును పట్టుబట్టి బాగు చేయించుకుంటారు. అది పూర్తయిన ఆదివారం ఆమె చపాతీల కోసం దిగలేదు. మా సందులో అప్పట్లో దీపాల్లేవు. సాయంత్రం క్లాసులు వదిలాక మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే చీకటి. బైకుల మీద వచ్చే కుర్రాళ్లు చున్నీలు లాగి పోయేవాళ్లు. ఆంటీకి చెబితే, "మీరే జర జల్ది రావాలె," అనేది.

"గా నవలల ఆడోళ్లు తూము గురించి కొట్లాడిన్రు. మనం ఒక్క లైటు అడగలేమా?" అంది అక్క.

కోఠి ఫుట్‌పాత్ మీద ఎప్పుడో కొన్న మున్సిపల్ చట్టం పుస్తకం బయటికి తీసింది. మర్నాడు హాస్టల్ అమ్మాయిల్ని వెంటేసుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి అధికారి ముందు నిలబడి, వేలు పెట్టి గుర్తుపెట్టుకున్న పేజీ తీసి, ఈ సెక్షన్ ప్రకారం వీధి దీపాలు పెట్టాల్సిన బాధ్యత మీదేనని గట్టిగా చదివింది. ఆయన పుస్తకం తీసుకుని చూసి, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"అమ్మా, ఇది చెత్తకుండీల సెక్షను," అన్నాడు.

మాకు నవ్వాగలేదు. ఆమె కూడా ఒకసారి పేజీలోకి తొంగిచూసింది. ముఖం ఎర్రబడింది గానీ వెనక్కి తగ్గలేదు.

"గట్లనా సార్. అయితె చెత్తకుండీ గూడ పెట్టియ్యుర్రి. లైట్లు పెట్టేదాక మేం ఈ వరండాలనె కూసొని సదువుకుంటం. మాకు రేపు టెస్టున్నది."

నిజంగానే వరండాలో కూర్చున్నాం. వచ్చేపోయేవాళ్లు మా చేతుల్లో గైడ్లు చూసి ఇక్కడేమైనా పరీక్ష జరుగుతోందా అని అడిగారు. ఆ వారంలోనే దీపాలు వచ్చాయి, చెత్తకుండీ కూడా వచ్చింది. ఆ సాయంత్రం దీపం కింద నిలబడి పైకి చూస్తూ, "పుస్తకానికి ఇంత తాకతున్నదే!" అంది, ఎవరితోనో కాదు, తనతో తనే. ఆమె అంత సంతోషంగా ఉండగా నేను చూసిన రోజులు చాలా తక్కువ.

తర్వాత తెలంగాణ ఉద్యమం పెరిగింది. క్లాసులు మూతపడ్డాయి. బంద్ రోజుల్లో హాస్టల్‌కు పాలు వచ్చేవి కావు. రోడ్డు మీద నినాదాలు, పోలీసు బండ్లు, కళ్లు మండించే పొగ. మా ఆదివారాలు కూడా చెడిపోయాయి. సూర్యాపేట అమ్మాయి ఒకరోజు నావైపు చూపించి, "ఆంధ్రోళ్లున్న కాడ నేను కూసోను," అని లేచింది. కోస్తా నుంచి వచ్చిన మరో అమ్మాయి, "మేం మాత్రం పడి ఉన్నామా ఇక్కడ? రేపే వెళ్లిపోతాం," అని ఏడుపు మొదలుపెట్టింది. అక్క ఇద్దరినీ రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది.

"తిట్టుకుంటె తిట్టుకోర్రి. నేనొద్దనను. గనీ ఉత్తగ తిట్టుకోవద్దు. సదివి తిట్టుకోర్రి."

నదుల నీళ్ల పంపకం గురించిన ఒక పుస్తకాన్ని ఆ వారమే విరిచి పంచింది. నా ముక్క నాకిస్తూ, "నీది తప్పని చెప్తలేను చెల్లె. ఇది సదివినంక నాదేడ తప్పో నువ్వు చెప్పు," అంది. నేను పట్టుదలగా చదివాను, పట్టుదలగానే వాదించాను. నా దగ్గర ఒక జవాబుండేది, ఆమె దగ్గర దానికి ఇంకో ప్రశ్న ఉండేది. ఒక మాట మీదికి ఎన్నడూ రాలేదు. కానీ ఆ గొడవల రోజుల్లో మా గదిలో నా మంచం నాకు క్షేమంగా మిగిలిందంటే అది ఆమె వల్లే.

ఒకసారి నేను ఇంటికి బయల్దేరి ఎల్బీనగర్ చౌరస్తాకు వచ్చేసరికి రోడ్డంతా ఆగిపోయి ఉంది. విజయవాడ వైపు ఒక్క బస్సు కదలడం లేదు. ఉద్యమంవాళ్లు హైవే మీదే రాళ్లు పెట్టి పొయ్యిలు వెలిగించి వంటావార్పూ చేస్తున్నారు. ఒకచోట డప్పులు, ఒకచోట ఆటలు. బ్యాగు పట్టుకుని దిక్కులు చూస్తున్న నన్ను ఆమే చూసింది. చేతిలో గరిటె.

"ఎటు పోతవే ఇయ్యాల? ఏ బస్సూ పోదు. రా, తిని పో."

డివైడర్ మీద కూర్చోబెట్టి విస్తరాకులో అన్నం పెట్టింది. పక్కనే మామిడికాయల లోడుతో వచ్చి ఇరుక్కుపోయిన లారీ ఉంది. కృష్ణా జిల్లా బండి. డ్రైవరు పెద్దాయన, కిందికి దిగి చిరాగ్గా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏమ్మా, ఎప్పుడు వదుల్తారు? కాయ మెత్తబడిపోద్ది," అన్నాడు ఆమెతో.

"సాయంత్రం దాక కదలదన్నా. అప్పటిదాక అన్నం తిను. తిన్నంక ఇది సదువు," అని సంచిలోంచి నీళ్ల పుస్తకం ముక్క ఒకటి తీసి ఇచ్చింది. ఆయన నవ్వి పారేస్తాడనుకున్నాను. లారీ నీడలో గొంతుక్కూర్చుని, పెదాలు కదుపుతూ చదివాడు. కాసేపటికి లేచి వచ్చి, వేలుతో పేజీ మీద కొట్టాడు.

"ఇదిగో, ఇక్కడ తప్పు రాశాడు మీవాడు. మా చివరి భూములకి నీళ్లే రావు. మా బావ పొలం మూడో ఏడు ఎండిపోయింది. ఇది రాయడేం?"

"కూసో అన్నా. చెప్పు. నీళ్లు ఎందుకస్తలెవ్వు మీకు?"

ఇద్దరూ డివైడర్ మీద కూర్చుని సాయంత్రం దాకా వాదించుకున్నారు. ఆయన నేల మీద పుల్లతో కాలవలు గీశాడు, ఆమె వాటి మీద తన ఊరి బోర్లు గీసింది. చుట్టూ డప్పులు మోగుతుంటే గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుకున్నారు. దూరం నుంచి చూసినవాళ్లకు కొట్టుకుంటున్నట్టే ఉండి ఉంటుంది. దారి వదిలాక ఆయన మామిడికాయలు నాలుగు ఆమె కొంగులో పోసి, గబగబా బండెక్కి వెళ్లిపోయాడు. పుస్తకం ముక్క ఆయనతోనే వెళ్లిపోయింది.

"అయ్యో, నీ పుస్తకం పోయిందక్కా!" అన్నాను.

"పోనీ తియ్. ఆడ ఎవరన్న సదువుతరు."

ఆ రోజుల్లో ఆమెకు ఆశ అలా ఉండేది.

చాలా ఏళ్లు ఎదురుచూసిన పెద్ద పరీక్ష ఆ గొడవల మధ్యనే వచ్చింది. రాష్ట్రం తేలేదాకా ఆ పరీక్ష ఎవరూ రాయొద్దని ఉద్యమం పిలుపిచ్చింది. హాస్టల్‌లో అందరికంటే బాగా చదివింది ఆమే. ఈసారి ఖాయమని కోచింగ్ సార్లు కూడా అనేవాళ్లు. పరీక్ష రోజు హాల్‌టికెట్ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, సెంటర్ ఎదురుగా, పరీక్ష రాయొద్దని రాసిన అట్ట పట్టుకుని నిలబడింది.

"రాసొచ్చాక ధర్నా చేయొచ్చుగా అక్కా? నిన్నెవరు తప్పుబడతారు?" అని ముందురోజే బతిమాలాను.

"నేనే రాస్తె, రాయకుర్రి అని ఎవరికి చెప్పాలెనే? ఇన్ని పుస్తకాలు సదివి గదొక్కటి తెల్వదా నాకు?"

సూర్యాపేట అమ్మాయి ముఖానికి చున్నీ చుట్టుకుని, ఆమె ముందు నుంచే లోపలికి వెళ్లి పరీక్ష రాసింది. ఉద్యోగమూ వచ్చింది. చేరడానికి వెళ్లే రోజు అక్కే ఆ పిల్ల పెట్టె మోసుకుని బస్టాండు దాకా వెళ్లి ఎక్కించి వచ్చింది. నాకు ఒళ్లు మండింది. కోపం రావడం లేదా అని అడిగాను. ఆమె మంచం మీద కూర్చుని చాలాసేపు కాళ్లు చూసుకుంది.

"వాళ్ల నాయినకు చేతగాదు, మంచం మీదున్నడు. ఇంటికి పెద్దది. అది తప్పు చెయ్యలె. నేను గూడ తప్పు చెయ్యలె. గదే పరేషాన్."

నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చి దూరంగా వెళ్లిపోయాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన రోజు అక్క ఫోన్ చేసింది. రోడ్డు మీదికి ఫోన్ ఎత్తి పట్టుకుంది. డప్పులు, టపాకాయలు, అరుపులు. "ఇనవడుతుందా చెల్లె?" అని మధ్యలో ఒకసారి అరిచింది. మా ఇంట్లో అందరూ టీవీ ముందు ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. నేను పెరట్లోకి వెళ్లి, చాలాసేపు విన్నాను.

ఎల్బీనగర్ బ్రాంచికి బదిలీ మీద తిరిగి వచ్చేసరికి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మెట్రో నడుస్తోంది. ఒక మెట్రో స్తంభం మీద కోచింగ్ సెంటర్ పోస్టర్‌లో ఆమె ముఖం చూసి ఆగిపోయాను. తెలంగాణ ఉద్యమ చరిత్ర, ప్రత్యేక క్లాసులు, అని రాసి ఉంది. కొత్త రాష్ట్రంలో ఉద్యమం పరీక్షలో ఒక పేపరైంది. ఆమె కొన్ని పరీక్షలు రాసి కొద్దిలో పోగొట్టుకుంది. కొన్నిటికి నోటిఫికేషన్లే రాలేదు. ఆ పేపరు చెబుతూ బతుకుతోంది.

ముందుగా చెప్పకుండా వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. రేకుల షెడ్డు, కిక్కిరిసిన పిల్లలు, మైకు. ఆమె బాగా చిక్కిపోయింది. వంటావార్పూ గురించి చెబుతోంది. ఎల్బీనగర్ చౌరస్తా, రాళ్ల పొయ్యిలు, మామిడికాయల లారీ. చెబుతూ చెబుతూ నవ్వింది, పాత నవ్వే. పిల్లలు పెన్నులు కింద పెట్టేశారు. ముందు వరుసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, ఇందులకెల్లి బిట్ వస్తదా?"

ఆమె మైకు పట్టుకుని ఆ అమ్మాయినే చూస్తూ నిలబడింది. ఆ పిల్ల వెక్కిరించలేదు. భయంగా అడిగింది, అంతే.

"రాదమ్మా," అంది. తర్వాత, "రాసుకోర్రి," అని తేదీలూ కమిటీల పేర్లూ చెప్పడం మొదలుపెట్టింది. అన్ని పెన్నులూ ఒక్కసారి లేచాయి.

బయట టీ కొట్టు దగ్గర, ఆ పిల్లల మీద నాకెంత కోపమొచ్చిందో చెప్పాను. "ఆల్లనేం అనకు. నాకున్న ఆకలే ఆల్లకున్నది," అంది.

ఆ తర్వాత ఏడాది నోటిఫికేషన్లు ఇవ్వాలని ధర్నాకు బయల్దేరింది. క్లాసులో చెప్పింది, వస్తామని పిల్లలంతా చేతులెత్తారు. పొద్దున్నే చూస్తే ఇద్దరే వచ్చారట. ముగ్గురినీ పోలీసులు వ్యాన్‌లో ఎక్కించి, పట్నం బయట బాటసింగారం దాటాక విజయవాడ హైవే మీద దించి వెళ్లిపోయారు. "పండ్ల లారీలు పోతున్నయే చెల్లె. ఒకడు ఆపి ఎక్కిచ్చుకున్నడు. ఎవరు మీరు, ఈడెందుకున్నరు అని అడిగిండు. ఏం చెప్పాల్నో తెల్వలే," అంది నాతో. కోచింగ్ సెంటర్ యజమాని మర్నాడే ఆమెను పిలిచి, మనకెందుకమ్మా ఇవన్నీ అన్నాడు. పోస్టర్ మీద కొత్త ముఖం వచ్చింది. ఆమె మన్సూరాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుని, స్కూలు పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోయింది.

నేను చివరిసారి చూసింది ఆ గదిలోనే. ఆమెకు నచ్చుతుందని ఒక కొత్త నవల తీసుకెళ్లాను. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. అట్ట మీద చెయ్యి రాసింది. తెరవకుండానే తిరిగి ఇచ్చేసింది.

"నువ్వే ఉంచుకో. నేను సదువుడు బంద్ పెట్టిన."

"నువ్వా? చదవకుండా ఉండగలవా అక్కా?"

"సదివితె కాళ్లు ఆగయి చెల్లె. పోనీకి జాగ లేదు."

టీ పెడతానని లేచింది. పాలు విరిగిపోతే, నల్ల టీ తాగాం. తన ట్యూషన్ పిల్లల మార్కుల గురించి మాట్లాడింది.

దినాలకు నల్గొండ బస్సెక్కి వెళ్లాను. నాతో రమ్మని సూర్యాపేట అమ్మాయికి ఫోన్ చేస్తే, మీటింగుందని చెప్పి, అట్లాగే ఫోన్ పట్టుకుని ఏడ్చింది. ఊరి బస్సు స్టేజీ దగ్గర రెండు కర్రలకు కట్టిన ఫ్లెక్సీ మీద ఆమె ఫోటో ఉంది. ఏదో దరఖాస్తు కోసం దిగిన చిన్న ఫోటోను పెద్దది చేసినట్టున్నారు, ముఖం మసకబారింది. కింద పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. ఇంకేం లేవు.

ఇంటి ముందు టెంటు వేశారు. చుట్టాలు తింటున్నారు. నేను ఎవరో ఎవరికీ తెలియదు. హైదరాబాద్ నుంచి వచ్చిన మేడమని ఆమె తమ్ముడు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. సేద్యం చేసుకునే మనిషి. అచ్చం ఆమె నుదురే. భోజనమయ్యాక బస్సు దాకా వస్తానని నా వెంట నడిచాడు. ఫ్లెక్సీ దగ్గరికి వచ్చాక ఆగాడు.

"మేడం, మా అక్క పట్నంల ఏం జేస్తుండె?" అని అడిగాడు.

నేను ఆయన ముఖంలోకి చూశాను.

"మాకెన్నడు సరిగ చెప్పలె. నౌకరీ అని ఒకసారి, సదువని ఒకసారి అనేది. ఇంతకాలం ఉన్నది గదా, ఏదో ఒకటి చేసే ఉంటది. ఫ్లెక్సీ కొట్టేటోడు పేరు కింద ఏం రాయాలె అని అడిగిండు. నాకు ఏం చెప్పాల్నో సమజ్ కాలె. ఉత్త పేరే కొట్టిచ్చిన. మీరు దగ్గరున్నోళ్లు. ఏం రాయాల్సుండె మేడం?"

టీచరు అందామనుకున్నాను. ఉద్యమంలో పనిచేసింది అందామనుకున్నాను. రెండూ నిజమే. ఏది అన్నా అడిగిన మనిషికి సగం కూడా చెప్పినట్టు కాదు. నోరు తెరిచేసరికి మలుపులో బస్సు హారన్ వినిపించింది.

ఆయన పరుగెత్తి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. నా చేతిలో బ్యాగు తీసుకుని పైకి అందించాడు.

"ఎక్కుర్రి మేడం. ఇది పోతె మల్ల పొద్దుగూకేదాక ఇంకో బస్సు లేదు," అన్నాడు.

ఎక్కాను.